నేనడిగి తెచ్చుకున్న నీళ్ళు

మా చర్చిలో వేదిక కింద ఒక తొట్టి ఉంటుంది. పైన చెక్క పలకలు, పలకల మీద ఎర్ర తివాచీ, తివాచీ మీద ప్రసంగం చెప్పే బల్ల. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. నాకు బాగా తెలుసు! ఆదివారం వాక్యం చదవమని మా పాస్టరు అయ్యగారు నన్ను పైకి పిలిచినప్పుడల్లా, నా అరికాళ్ళ కింద రొమ్ములోతు గొయ్యి ఉందని, ఏదో ఒక రోజు దాన్నిండా నీళ్ళు నింపి నన్ను వెల్లకిలా ముంచుతారని గుర్తొచ్చి నోరు ఎండిపోయేది. చదివేది ఓదార్పు వాక్యమే, గొంతు మాత్రం గజగజ. "ఎంత భారంతో చదివారు బ్రదర్!" అని బయట చెప్పులు వేసుకుంటూ ఎవరో ఒకరు మెచ్చుకునేవారు. భారం కాదు బాబూ, తొట్టి!

నాకు నీళ్ళంటే భయం. మామూలు భయం కాదు. మాది కృష్ణా జిల్లాలో కాలువ గట్టున ఉన్న పల్లె. చిన్నప్పుడు గేదె తోక పట్టుకుని కాలువ దాటడం మా పిల్లలకి పెద్ద సరదా. ఒకసారి నా చేతిలోంచి తోక జారిపోయింది. గేదె ఎంచక్కా అవతలి ఒడ్డుకి పోయింది, నేను అడుక్కి పోయాను. బట్టలుతుకుతున్న మా అమ్మ దూకి జుట్టు పట్టుకుని లాగింది. నీళ్ళన్నీ కక్కించి, ఊపిరి ఆడుతోందని తేల్చుకుని, ఆ తరవాత వీపు మీద నాలుగు వడ్డించింది. ఆ దెబ్బలు ఎప్పుడో మరిచిపోయాను. అడుగున కళ్ళు తెరిచి చూసిన ఆ ఆకుపచ్చ చీకటి మాత్రం నన్ను వదల్లేదు. అప్పటినుంచి చెంబు స్నానమే. తలంటు అయితే ముందుకి వంగి, కళ్ళు తెరుచుకుని, కుంకుడు పులుసు మంటకి ఏడుస్తూ పోసుకోవాల్సిందే.

ఇలాంటివాణ్ణి దేవుడు తీసుకెళ్ళి మునిగే సంఘంలో పడేశాడు! కొన్ని సంఘాల్లో పసిబిడ్డ నుదుటి మీద నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం అయిపోతుంది. మాకు అలా కుదరదు. ఊహ తెలిశాక, ఎవరూ బలవంతం చెయ్యకుండా, తనంతట తనే నీళ్ళలోకి దిగి నిలువునా మునగాలి. అలా మునిగినవాళ్ళే నెలకోసారి ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోవాలి. కాలేజీ రోజుల్లో మా ఊరి సంఘం వాళ్ళు కుర్రాళ్ళందరినీ కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్ళారు. నాకు ఆ ఉదయం జ్వరం వచ్చింది. నాటకం అనుకునేరు, నిజం జ్వరమే! అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి, "ఒళ్ళు పెనంలా ఉంది, వీడు రాడు" అని చెప్పి పంపేసింది. వాళ్ళు బస్సెక్కిన గంటకి జ్వరం దిగిపోయింది. భయం పుడితే ఒళ్ళు కూడా దాని మాటే వింటుందని నాకు అప్పుడే తెలిసింది.

తరవాత హైదరాబాదు వచ్చేశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఏ వస్తువు ఎందుకు తేలుతుందో, ఎందుకు మునుగుతుందో నా అంత బాగా చెప్పేవాడు ఆ వీధి మొత్తంలో లేడని పిల్లలే అనేవారు. బోర్డు మీద ఎన్ని పడవలు తేల్చానో! ఇంటికొచ్చి మళ్ళీ చెంబు. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, "బాప్తిస్మం ఎప్పుడు తీసుకుంటారండీ?" "త్వరలోనే" అన్నాను. "ఆ 'త్వరలోనే' నమ్మి చేసుకున్నాను మిమ్మల్ని" అని ఇప్పటికీ దెప్పుతుంది.

మా చర్చి ఎల్బీనగర్‌లో, రింగురోడ్డు వెనక సందులో. అయ్యగారు సూర్యాపేట వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, చేతులు మాత్రం రైతు చేతుల్లా ఉండేవి. సంవత్సరానికోసారి నన్ను పక్కకి పిలిచి అడిగేవారు.

"ఎట్ల బిడ్డా, ఈ ఏడు దిగుతవా?"

"భయం పోనివ్వండి అయ్యగారూ, దిగుతాను."

"భయం పోయినంక దిగుత అంటే నువ్వు ఎన్నడు దిగవు. భయం తోటే దిగు. నేను పక్కకే ఉంట గద."

అంతకు మించి ఒక్క మాట అనేవారు కాదు. తిట్టినా బాగుండేది!

మా అమ్మాయి పదో తరగతికి వచ్చిన ఏడాది తనే వెళ్ళి బాప్తిస్మానికి పేరిచ్చింది. నేను చివరి వరసలో కుర్చీ అంచు పట్టుకుని చూశాను. ఇలా మునిగింది, అలా లేచింది, ముఖం మీద నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నా కూతురేనా ఇది అనిపించింది. ఆ నెలనుంచి మొదలైంది అసలు బాధ. బల్ల రోజున మా వరసలో మొదట అమ్మాయి, మధ్యలో నేను, తరవాత మా ఆవిడ కూర్చుంటాం. రొట్టె పళ్ళెం వస్తుంది. అమ్మాయి తీసుకుని నాకు ఇస్తే, నేను ముట్టకుండా మా ఆవిడకి ఇవ్వాలి. వెనక వరసవాళ్ళు చూస్తారు. అందుకని ఆ పిల్ల ఏం చేసేదంటే, నా చేతికి పళ్ళెం రాకుండా, నా ముందు నుంచి చెయ్యి చాపి నేరుగా వాళ్ళమ్మకి అందించేది. నేను ఆ క్షణంలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నట్టు కూర్చునేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు దానికి. నాన్న చిన్నబోకూడదని తనకి తానే కనిపెట్టిన ఉపాయం. ప్రతి నెలా ఆ సన్నటి చెయ్యి నా గుండెల మీదుగా దాటిపోతుంటే ఏడుపొచ్చేది.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో. నా క్లాసులో సగం మంది పిల్లలు ర్యాలీల్లో ఉండేవారు. షేర్ ఆటో ఎక్కితే నేను నోరు విప్పేవాణ్ణి కాదు. విప్పితే మా యాస బయటపడుతుంది కదా! ఎవరూ నన్ను ఒక్క మాట అన్నది లేదు. భయం నాదే. నీళ్ళ భయానికి తోడు ఇదొకటి.

ఆ వేసవి చివర ఒక ఆదివారం అయ్యగారు ప్రకటన చేశారు. తాను రిటైర్ అయి సొంతూరికి వెళ్ళిపోతున్నానని, వచ్చే ఆదివారమే ఆఖరిదని, ఆ మధ్యాహ్నం బాప్తిస్మానికి ఎవరైనా ఉంటే చెప్పమని. అడుగుతూ నా వైపు చూడలేదు. అదే నన్ను కదిపింది. ఇన్నేళ్ళు అడిగిన మనిషి ఇక అడగడన్నమాట! లేచి నిలబడ్డాను. "నేనున్నానండీ" అన్నాను. చర్చంతా హల్లెలూయలతో దద్దరిల్లింది. మా ఆవిడ నోరు తెరిచి నా వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ వారమంతా అన్నం సయించలేదు. "ప్రభువా, నువ్వు కూడా నీళ్ళలోకి దిగినవాడివే కదా, కాస్త చూసుకో" అని వంటగదిలో, క్లాసులో, ఆటోలో అదే ప్రార్థన. ఆదివారం రానే వచ్చింది. తెల్ల లాల్చీ, తెల్ల పైజామా తొడుక్కున్నాను. మా అమ్మాయి కొత్త తువ్వాలు కొని సంచిలో పెట్టుకుంది. చర్చికి వెళ్ళేసరికి రింగురోడ్డు మీద వంటావార్పు. అంటే తెలుసుగా, రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలపడం. బస్సుల్లేవు, లారీల్లేవు. మైకులో పాటలు, డప్పులు, పొగ. మేం సందుల్లోంచి నడిచి చేరుకున్నాం.

ఆరాధన అయిపోయింది. పలకలు తీశారు. తొట్టి పొడిగా ఉంది.

అడుగున ఒక చీపురు, ఓ మూల చచ్చిన బొద్దింక. వానలింకా పడలేదు. చర్చి బోరు గుటకేసినట్టు శబ్దం చేసి గాలి కక్కింది. రావాల్సిన ట్యాంకరు డ్రైవరుకి సంఘపెద్ద ఫోన్ చేశాడు. "రోడ్ల మీద పొయ్యిలు పెట్టిన్రు సార్. ట్యాంకర్ ఏంది, సైకిల్ గూడ పోతలేదు. రేపొద్దుగాల తెస్త" అన్నాడట.

"రేపు అయ్యగారు ఉండరు కదయ్యా" అంది మా ఆవిడ.

"కొత్త అయ్యగారు చేస్తారులెండి. తొందరేముంది?" అన్నాడు సంఘపెద్ద.

అమ్మయ్య! నా ఒంట్లో ప్రతి నరమూ లేచి గంతులేసింది. నేను వెనకడుగు వెయ్యలేదు కదా. నిలబడ్డాను, తెల్లబట్టలు కట్టాను, నీళ్ళే రాలేదు. ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంతకంటే మర్యాదగా తప్పించుకునే దారి ఏ పిరికివాడికి దొరుకుతుంది? ముఖం దిగులుగా పెట్టుకోవడానికి నానా పాట్లు పడ్డాను. అయ్యగారు తొట్టి అంచున కూర్చుని, "పోనీ తియ్ బిడ్డా. మనసుల దిగినవు గద" అన్నారు. ఆ పెద్ద చేతులు మోకాళ్ళ మీద ఖాళీగా ఉన్నాయి.

అప్పుడు మా అమ్మాయి నా దగ్గరికొచ్చింది. నా ముఖం చూసింది. దానికి అంతా తెలిసిపోయింది, నా సంతోషంతో సహా. "పర్లేదు డాడీ" అని, మడత విప్పని ఆ తువ్వాలుని మళ్ళీ సంచిలో సర్దుకుంది. ఆ ఒక్క మాటా నన్ను కోసేసింది. ఇంకెన్నేళ్ళు అలా నా ముందు నుంచి చెయ్యి చాపుతుంది ఈ పిల్ల? పెళ్ళై వెళ్ళేదాకానా?

"నీళ్ళు నేను తెస్తాను" అన్నాను.

అన్నది నేనేనా అని నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను! ఎక్కణ్ణుంచి అని ఎవరో అడిగారు. నాకేం తెలుసు? గుమ్మం దాటి, సందు దాటి, రోడ్డు మీదికి పడ్డాను. అక్కడ, సరిగ్గా మా సందు మొగలో, వంట కోసం తెచ్చిన నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. దాని చుట్టూ వందల మంది జనం. నేను చచ్చినా అడుగు పెట్టని చోటు. అయినా నడుస్తూనే ఉన్నాను.

తెల్లబట్టలు కదా! దూరం నుంచే ఎవరో చూసి, "పెద్దసారు ఒస్తుండు, జర జాగ ఇయ్యుండ్రి!" అని కేకేశారు. జనం పక్కకి తప్పుకున్నారు. ఏ ఊరి నాయకుణ్ణో అనుకున్నారు నన్ను. ఒకాయన నా మెడలో గులాబీ కండువా వేశాడు, ఇంకొకాయన చేతిలో మైకు పెట్టాడు. "రెండు ముక్కలు మాట్లాడుండ్రి సార్!" డప్పులు ఆగాయి. అందరూ నా వైపే చూస్తున్నారు.

ఓరి దేవుడా!

"అందరికీ నమస్కారమండీ" అన్నాను. ఆ "అండీ" నాలుగు స్పీకర్లలోంచి రింగురోడ్డంతా మోగింది. అయిపోయింది, యాస బయటపడింది. ఇక దాచడానికి ఏముంది? "నేను నాయకుణ్ణి కాదండీ. దిల్‌సుఖ్‌నగర్‌లో పాఠాలు చెప్పుకుంటానండీ. నాకు ఈ ట్యాంకర్లో నీళ్ళు కావాలండీ."

పొయ్యి దగ్గర పెద్ద గంజులో పప్పుచారు కలుపుతున్న ఒకావిడ, బడంగ్‌పేట్ నుంచి ఆడవాళ్ళని వెంటేసుకొచ్చిన మనిషట, గంటె పైకెత్తి అడిగింది.

"నీళ్ళెందుకు సారూ? తాగనీకా?"

"కాదమ్మా. మునగడానికి."

రోడ్డంతా గొల్లుమంది. నేను మైకు వదల్లేదు. వదిలితే ఆ ధైర్యం మళ్ళీ రాదని తెలుసు. బాప్తిస్మం సంగతి, ఎండిన తొట్టి సంగతి, రేపు వెళ్ళిపోయే అయ్యగారి సంగతి గబగబా చెప్పేశాను. గేదె తోక కూడా చెప్పేశాను. "నాకు నీళ్ళంటే చచ్చేంత భయమండీ. ఇవాళ నీళ్ళు లేవంటే ఎంత సంబరపడ్డానో ఆ దేవుడికే తెలుసు. కానీ నేను మునగాలండీ!" ఎన్నో ఏళ్ళు చర్చిలో నలుగురి ముందు నిలబడి నా కథ సాక్ష్యంగా చెప్పమంటే తల దించుకున్నవాణ్ణి, ఆ పూట నడిరోడ్డు మీద చెప్పాను.

ఆవిడ గంటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"భయమైతుంటే గూడ మునుగుతవా?"

"మునుగుతానమ్మా."

"మాకు గూడ భయమే అయింది సారూ. పొద్దుగాల మేం ఒచ్చేటాల్లకు గీడ పోలీసోళ్ళు లాఠీలు పట్టుకొని నిలబడ్డరు. చేతులు ఒణుక్కుంటనే పొయ్యి ముట్టిచ్చిన." వెనక్కి తిరిగి డ్రైవర్ని కేకేసింది. "ఓ అన్నా! వంట అయిపోయింది గద. గా నీళ్ళు సారు వాళ్ళ చర్చిల పొయ్యి!"

నేను దండం పెట్టి బయల్దేరబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏడికి? పొయ్యి కాడికి ఒచ్చినోళ్ళు తినకుంట పోవద్దు. కూసో." విస్తరాకులో అన్నం, పప్పుచారు, మామిడికాయ తొక్కు. నడిరోడ్డు మీద, వేడి తారు మీద కూర్చుని తిన్నాను. వారం రోజుల తరవాత ఆకలి తెలిసింది. నువ్వు ఎవరివని, ఏ దేవుడివాడివని అడగకుండా నా చేతికి వచ్చిన అన్నం అది. ఇప్పటికీ దాని రుచి మరిచిపోలేదు.

ట్యాంకరు మా సందులోకి తిరిగేసరికి దాని వెనక ఓ పాతిక మంది, డప్పులతో సహా. ఎదురుగా మా సంఘమంతా గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, స్పీకర్లు! ఒక్క ముక్క పోకుండా అందరూ విన్నారు. అయ్యగారు చెమ్మగిల్లిన కళ్ళతో నవ్వుతున్నారు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మాయి సంచిలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకుంది.

గొట్టం వేసి నీళ్ళు వదిలారు. తొట్టి నిండుతున్న చప్పుడు వింటుంటే కాలువ గుర్తొచ్చింది, ఆ ఆకుపచ్చ చీకటి గుర్తొచ్చింది. పారిపోవాలనిపించిందా? అనిపించింది! కానీ పారిపోయే దారంతా డప్పులవాళ్ళే ఉన్నారు. అయ్యగారు ముందు దిగి చెయ్యి చాపారు. మొదటి మెట్టు, మోకాళ్ళు, నడుము. ఎండకి కాగిన నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

"భయమైతుందా బిడ్డా?"

"అవుతోందండీ."

"మంచిది. నన్ను పట్టుకో."

అదే ఆయన చేసిన పొరపాటు! పట్టుకోమన్నారు కదా అని రెండు చేతులతో ఆయన మెడ పట్టేసుకున్నాను. తండ్రి పేరు, కుమారుని పేరు, పరిశుద్ధాత్మ పేరు చెప్పి ఆయన నన్ను వెనక్కి వాల్చారు. నేను వదిలితేగా! ఇద్దరం ఒక్కసారే దభీమని మునిగిపోయాం. నీళ్ళలో కళ్ళు తెరిచాను. అలవాటు కదా. ఆకుపచ్చ చీకటి లేదు. ఒక ముసలి ముఖం, బుగ్గలనిండా గాలి నింపుకుని, నన్ను గట్టిగా పొదువుకుని ఉంది.

పైకి లేచాం. అయ్యగారు దగ్గుతూ, నవ్వుతూ, "నాకు గూడ రెండోసారి అయిపాయె!" అన్నారు. చర్చంతా ఒకటే చప్పట్లు. గుమ్మంలోంచి డప్పు మోగింది, వెంటనే "జై తెలంగాణ!" అని కేక. ఎవరో మా పెద్దాయన హల్లెలూయ అని అందుకున్నాడు. రెండూ కలిసిపోయాయి. మెడలోంచి తియ్యడం మరిచిన కండువా తడిసి, రంగు దిగి నా తెల్ల లాల్చీ గులాబీగా మారిపోయింది. ఆ బడంగ్‌పేట్ ఆవిడ నా అవతారం చూసి పడీ పడీ నవ్వింది. తినమని మా అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, కేకు ముక్క పెడితే తిని, "గిన్నెలు తోముకోవాలె, ఒస్త" అని వెళ్ళిపోయింది. ఆవిడ పేరైనా అడగలేదు నేను.

భయం పోయిందా అని మీరు అడుగుతారు. ఎక్కడ పోతుంది! ఇవాళ్టికీ చెంబే, ఇవాళ్టికీ కళ్ళు తెరుచుకునే తలంటు. మా ఆవిడ ఆపరేషను రోజున దవాఖాన వరండాలో, అమ్మాయిని అత్తారింటికి పంపిన రోజున, మళ్ళీ అదే వణుకు. కాకపోతే వణుకు తగ్గేదాకా ఆగడం మానేశాను. ఎవరి మెడ దొరికితే వాళ్ళ మెడ పట్టుకుని దిగడమే.

ఆ సాయంత్రం అయ్యగారు ఆఖరిసారి బల్ల ఇచ్చారు. జుట్టు ఇంకా తడిగా ఉంది. గులాబీ లాల్చీతోనే మా వరసలో కూర్చున్నాను. అటు అమ్మాయి, ఇటు మా ఆవిడ. పళ్ళెం వచ్చింది. అమ్మాయి ఒక ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, పాత అలవాటు కొద్దీ నా ముందు నుంచి చెయ్యి చాపి వాళ్ళమ్మకి అందించబోయింది.

దాని మణికట్టు పట్టుకున్నాను.

"ఆగవే. నాకు ఇవ్వు."